రాక్షసుడి మాటలు చదివించిన టీచరమ్మ

మొన్న సోమవారం. ఇల్లు ఊడ్చాను, పప్పు నానబెట్టాను, ఎండుమిరపకాయలు డాబా మీద ఆరబోశాను. పొయ్యి మీద పెనం పెట్టబోతుంటే కబురొచ్చింది, పక్కింటి టీచరమ్మ నిద్రలోనే పోయారని. ఏడుస్తూ వెళ్ళాను. ఆమె ముఖం మాత్రం పురాణం చదువుతూ నవ్వొచ్చే చోట ఆగినట్టుంది.

టీచరమ్మ రిటైరయ్యాక ఆదిలాబాద్‌లోని మా కాలనీలో, ప్రతి శనివారం మధ్యాహ్నం ఆమె వరండాలో ఆడవాళ్ళమంతా కూర్చుని పురాణం చదివేవాళ్ళం. నరకడం, చీల్చడం, నెత్తురు తాగడం వచ్చే ఘట్టాలు వదిలేద్దామంటే ఆమె ఒప్పుకునేవారు కాదు.

"వదిలేస్తే అవి పోతయా? గట్టిగ చదువుండ్రి" అనేవారు.

ఆ ఘట్టాలకు ఒక పద్ధతి పెట్టారు. ఆ రోజు కోపంతో వచ్చినవాళ్ళు రాక్షసుడి మాటలు చదవాలి. "దేవుని మాటలు చదవమంటే అందరు తయారే. గా రాక్షసుని దిక్కు ఎప్పుడన్న కూసున్నమా?" అని నవ్వేవారు.

ఒకసారి మా అత్తగారు పచ్చడిలో ఉప్పెక్కువైందని నా మీద అలిగి వచ్చారు. పుస్తకం లాక్కుని, మూడు లోకాలు తన కాళ్ళ కింద ఉండాలని రాక్షసుడు అరిచే చోటుకొచ్చి, నావైపు చూసి పక్కున నవ్వారు. "పచ్చడి కాడ మూడు లోకాలెందుకే కోడలా!"

మొన్న వేసవిలో మా మరిది కూతురు నర్సింగ్ చదువుతానంది. ఇంజనీరింగే చదవాలని మరిది పట్టు. మాటామాటా పెరిగి చెయ్యి చేసుకున్నాడు. పిల్ల మా ఇంటికొచ్చేసింది, అన్నం ముట్టలేదు. శనివారం దాన్ని నాతోపాటు వరండాకు తీసుకెళ్తే, మరిది వెతుక్కుంటూ అక్కడికే వచ్చాడు.

"దేవుడే దుష్టులను శిక్షించిండు. కన్నబిడ్డను నేను కొట్టొద్దా? మీ పురాణంలనే ఉన్నది కదా, టీచరమ్మా!"

ఆమె చాప జరిపారు. "కోపంగ వచ్చినవ్ కదా. గిది నీ వంతు, కూసో."

ఆ రోజు స్తంభంలోంచి దేవుడు వచ్చే ఘట్టం. మరిదిది మంచి గొంతు, జోరుగా అందుకున్నాడు. నా ఇంట పుట్టి నా మాటే కాదంటావా అని తండ్రి కొడుకు మీద విరుచుకుపడే చోట ఆగిపోయాడు.

"ఆపినవేంది? జర గట్టిగ చదువు" అన్నారు మా అత్తగారు.

"గీయన తండ్రి కదా..." అన్నాడు మరిది మెల్లగా.

"తండ్రే. దేవుడు చీల్చింది తండ్రిని, బిడ్డను కాదు" అన్నారు టీచరమ్మ. "ఎవల్ని కొట్టాల్నో చెప్పే కథ కాదు నాయినా. కొట్టేటోడు తన ముఖం తాను చూసుకునే కథ."

పిల్ల తండ్రి వైపు తిరిగి అంది: "బాపూ, నిన్నెవ్వరు చీల్చకుంట నేను చూసుకుంట. నన్ను కాలేజీకి తోల్కపోతవా మరి?"

వరండా అంతా నవ్వులు. మరిదీ ఆపుకోలేకపోయాడు. "నేనే తోల్కపోత. మాటిస్తున్న, టీచరమ్మా" అన్నాడు. పిల్ల ఆ పూట మా ఇంట్లో రెండుసార్లు అన్నం పెట్టించుకుంది.

ఆ ప్రయాణం చూడకుండానే టీచరమ్మ వెళ్ళిపోయారు. ఈ రోజు శనివారం. నర్సింగ్ కాలేజీకి బయల్దేరిన తండ్రీకూతుళ్ళను కరీంనగర్ బస్సెక్కించి వచ్చాను. కిటికీ పక్కన పిల్ల, దాని బ్యాగు వాళ్ళ నాన్న ఒళ్ళో. బస్సు కదులుతుంటే అది చేతులు ఊపుతూ తండ్రికి ఏదో చెబుతోంది, అతను చెవి దానివైపు వంచి వింటున్నాడు.

టీచరమ్మా, మా మరిది మీకు బాకీపడ్డ మాట చెల్లు.