నీళ్ల గండం, మాయన్ లెక్క

మా కంప్యూటర్ సారు పోయినారని పోయిన వారం అమ్మ హిందూపురం నుంచి ఫోన్ చేసి చెప్పింది. పెనుకొండలో, ఇంట్లోనే, నిద్రలోనే పోయినారంట. "మంచి మనిషి, ఆ పిచ్చి లెక్క ఒకటి తప్ప" అనింది. ఆ పిచ్చి లెక్క సంగతి మీకు చెప్పకపోతే నాకు మనసొప్పదు.

మన తేదీ కొట్టి బటన్ నొక్కితే మాయన్ క్యాలెండర్‌లో అది ఏ రోజో చూపించే ప్రోగ్రాం అది. సారే రాసినారు. సముద్రాల అవతల ఏ కాలంలోనో బతికిన జనం క్యాలెండర్‌తో హిందూపురానికి ఏం పని అంటారా? మేమూ అదే అడిగినాం. సారు దగ్గర మేం కంప్యూటర్ నేర్చుకునే సెంటర్‌కు కూడు పెట్టింది కంప్యూటర్ జాతకాలు. పుట్టిన తేదీ, టైము చెప్తే కాగితాలు ప్రింటయ్యి వచ్చేవి. నిటారుగా వచ్చినోళ్లు ఆ కాగితం చదివించుకుని ముడుచుకుపోయి బయటికి పోతాంటే సారుకు ఒళ్లు మండేది. "రోజు ఒకటేమ్మా, పిలిచే పేర్లే వేరు. ఇది తెలిస్తే వీళ్లకు సగం భయం తగ్గుతాది" అనేవారు. రోజుల పేర్ల పక్కన తెలుగులో అర్థాలు కూడా పెట్టినారు. ఆ తెలుగు అక్షరాలు స్క్రీన్ మీద కుదిరేలోపల ఒక ఎండాకాలం గడిచిపోయింది. అడిగినోళ్లకూ అడగనోళ్లకూ చూపించేవారు, టీ తెచ్చే ఆయప్పను కూడా వదల్లేదు.

పొద్దున ప్యాసింజర్‌కు పెనుకొండ నుంచి వచ్చి, సాయంత్రం ప్యాసింజర్‌కు వెళ్లిపోయేవారు. ఇంట్లో మతి సరిగా లేని అన్న. తమ్ముడని సారు చేత్తో పెడితేనే తింటాడు. బెంగళూరు కంపెనీలు పిలిచినా సారు పోలేదు. ధర్మవరంలో చుట్టాల పెళ్లికి పోయినా, విస్తరి ముందు కూర్చుని రైలు టైము అడిగే మనిషి. ఆ అన్నకు ఇప్పుడెవరు తినిపిస్తాండారని అమ్మను అడిగితే, పక్కింటోళ్లు అనింది.

ఇంక నా సంగతి. నాకు నీళ్ల గండం ఉండాదని, పెళ్లయి బిడ్డ పుట్టేదాకా ఏరు దాటకూడదని నేను పుట్టినప్పుడే ఒక సామి చెప్పినాడు. నాకు ముందు పుట్టిన అక్క బావిలో పడి చచ్చిపోయింది కాబట్టి అమ్మను చూసి నవ్వేదానికి లేదు. కానీ మాది బిందెడు నీళ్ల కోసం జుట్లు పట్టుకునే ఊరు. పెన్నలో ఇసుక తప్ప ఏమీ ఉండదు. అయినా బెంగళూరు దారికి అడ్డంగా ఉండే ఆ పెన్నే నాకు గోడ. బడి పిల్లలంతా బెంగళూరు చూడ్డానికి పోతే నేను ఇంట్లో చింతపండు గింజలు తీస్తా కూర్చున్నా. మా అవ్వ ఊరు ధర్మవరం పోయే దారిలో పెన్న అడ్డం రాదు, అందుకని అంతవరకే నా లోకం. రైలు కిటికీలోంచి పెనుకొండ కొండను చూసి చూసి దాని మీదే విసుగు పుట్టింది.

సారు చెప్పిపెట్టిన చోట బెంగళూరులో నాకు ఉద్యోగం వచ్చింది. అమ్మ వద్దంటే వద్దనింది. నాయన అమ్మకు ఎదురు చెప్పడు. నేను అన్నం మానేస్తే, మానుకో, ఇంట్లో ఉంటే ప్రాణమైనా ఉంటాది అనింది.

అప్పుడు సారు అమ్మను సెంటర్‌కు పిలిపించినారు. కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఈ లెక్కలో గండాలు లేవమ్మా, ఉత్త పేర్లే అని చెప్పి, నా పుట్టినరోజు కొట్టి బటన్ నొక్కినారు. ములుక్ అని వచ్చింది. పక్కనే సారు పెట్టిన అర్థం: నీళ్లు.

అమ్మ చదివింది తక్కువే గాని ఆ మాట చదవగలదు. "ఏం సార్, ఆ దేశమోళ్లు గూడా నీళ్లే అంటాండారు గదా" అని కొంగు సర్దుకుని లేచింది.

నాకు ఏడుపు కంటే కోపం ఎక్కువ వచ్చింది. ముందే చూసుకుని, గాలి అనో పువ్వు అనో మార్చి పెట్టింటే ఏం పోయేదని సారు మీద అరిచినా. మీ అమ్మ నన్ను నమ్మి వచ్చిందమ్మా అని మాత్రం అన్నారు.

ఆదివారం సెలవైనా రైలెక్కి మా ఇంటికే వచ్చినారు. గండం అబద్ధమని ఒక్క మాట అనలేదు. "గండం నీళ్లతో కదమ్మా, ఇసుకతో కాదు. ఏరు ఎండినప్పుడు మనమిద్దరం పిల్లను నడిపించి దాటిద్దాం. పారేటప్పుడు ఇంటికి రానియ్యొద్దు." అమ్మ చాలాసేపు ఆలోచించి, తడి కనిపిస్తే వెనక్కి తిరుగుతా అనింది.

ఒక పొద్దున ముగ్గురం పెన్నలోకి దిగినాం. అమ్మ నా చెయ్యి నొప్పి పుట్టేలా పట్టుకుంది. ముందు తను కాలు పెట్టి, పొడిగా ఉండాదని చూసుకుని, తర్వాతే నన్ను రానిచ్చింది. సారు ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని ముందు నడిచినారు, చుక్క నీళ్లు లేకపోయినా. అవతలి గట్టు ఎక్కినాక అమ్మ నా చెయ్యి వదిలి, కూలబడి ఏడ్చింది. ఎందుకో నాకూ ఏడుపొచ్చింది.

బస్సు వచ్చేలోపల సారును అడిగినా, మీరూ వచ్చేయండి సార్, అన్నను కూడా తోడుకుని వచ్చి ఆడనే ఉండండి అని. ఆయన నవ్వినారు.

"నాది నీళ్ల గండం కాదులేమ్మా. ఎండేది కాదు."

బస్సెక్కి కిటికీలోంచి చూసినా. అమ్మ ముందు పోతాండాది. వెనకాల సారు, ప్యాంటు మడత విప్పకుండానే, ఆ పొడి ఇసుకలో చూసి చూసి అడుగేస్తా, పెనుకొండ రైలుకు పోతాండారు.