కొల్లేటి మీద వినిపించిన విమానాలు

వైమానిక దళం వాతావరణ విభాగంలో సర్వీసంతా చేసి, జూనియర్ వారెంట్ ఆఫీసరుగా రిటైరై తాడేపల్లిగూడెం వచ్చేశాను. ఆ తరువాతి మూడో చలికాలంలో ఏలూరులోని ఒక లోకల్ ఛానల్ నన్ను రక్షణ రంగ విశ్లేషకుడిగా పెట్టుకుంది. అదే నా చివరి ఉద్యోగం. ఎక్కువ కాలం సాగలేదు.

దళంలో నా పనిని మెట్ అసిస్టెంట్ అంటారు. గంటగంటకీ బయటికి వెళ్లి, మబ్బు ఎంత, ఏ ఎత్తున ఉంది, గాలి ఎటు వీస్తోంది, చూపు ఎంత దూరం ఆనుతోంది అన్నవి చూసి రాయాలి. పైలట్లు వాటిని నమ్ముకుని లేస్తారు, దిగుతారు. కిటికీలోంచి చూసి రాయడం నేరం. పొగమంచు కమ్మి ఆకాశం కనిపించకపోతే మబ్బు గడిలో అంకె వెయ్యం, అడ్డగీత వేస్తాం. శిక్షణలో నేర్పే మొదటి పాఠాల్లో అదొకటి. ఊహించి అంకె వేసినవాడి కన్నా గీత వేసినవాడు నయం.

విమానం నడిపే మనుషులకు సగం జీవితం వాతావరణం చెప్పాను గానీ విమానం నడపడం నాకు రాదు.

ఆ చలికాలంలో మన విమానాలు సరిహద్దు దాటి దాడి చేసి వచ్చాయన్న వార్త వచ్చింది. సరిగ్గా ఆ తెల్లవారుజామునే కొల్లేటి పక్క ఊళ్లలో చాలామంది ఆకాశంలో హోరు విన్నారు. ఇక కథలు మొదలయ్యాయి. అసలు దాడే జరగలేదన్నారు కొందరు. జరిగింది గానీ, విమానాలు రహస్యంగా లేచింది మా తాడేపల్లిగూడెంలోని రెండో ప్రపంచ యుద్ధకాలపు పాత రన్‌వే మీంచేనన్నారు ఇంకొందరు. ఈ రెండో కథ మా జిల్లాకు ముద్దొచ్చింది.

యాంకర్ కిరణ్ నన్ను కూర్చోబెట్టాడు. తెర కింద నా పేరు పక్కన "మాజీ ఫైటర్ పైలట్" అని పడింది. ఎదురుగా ఉన్న మానిటర్‌లో నాకది స్పష్టంగా కనిపిస్తూనే ఉంది. నోరెత్తలేదు. గూడెం నుంచి లేచే అవకాశం ఉందా అని అడిగాడు. ఆ ఉదయం కూడా నేను ఆ రన్‌వే మీదే నడిచాను. పగుళ్లలో మోకాలెత్తు గడ్డి, మధ్యలో ఆరబోసిన వడ్లు, వాటిని కాళ్లతో తిరగేస్తున్న ఆడవాళ్లు. "కొట్టిపారేయలేం" అన్నాను. అంతటితో ఆగలేదు. దిగేముందు బరువు తగ్గించుకోవడానికి కొన్ని విమానాలు ఇంధనాన్ని గాల్లోనే వదిలేస్తాయని, ఎక్కడో విన్న సంగతిని సొంత అనుభవంలా చెప్పాను.

మర్నాడు మండవల్లి హైస్కూల్లో సైన్సు చెప్పే సుజాత గారిని ఫోన్ లైన్లో కలిపారు. ఆ హోరు విమానాలది కాదనీ, చేపల చెరువుల్లో ఆక్సిజన్ కోసం తెల్లవారుజామున తిప్పే ఏరియేటర్లదనీ ఆవిడ మెల్లగా చెప్పుకొచ్చారు.

"టీచరు గారూ, మీరెప్పుడైనా కాక్‌పిట్‌లో కూర్చున్నారాండీ?" అన్నాను.

"లేదండీ."

"మరదే!"

కిరణ్ పగలబడి నవ్వాడు. ఆ ముక్కను కత్తిరించి ఊరూరా ఫోన్లలో తిప్పారు. బజారులో కుర్రాళ్లు ఆవిడకు "కాక్‌పిట్ టీచర్" అని పేరు పెట్టారట.

వారం తిరక్కుండా ఆవిడే నాకు ఫోన్ చేశారు. కోపం లేదు. విమానాలు కొల్లేటి మీద కిరసనాయిలు వదిలాయన్న పుకారు పుట్టిందనీ, ఆకివీడు వ్యాపారులు ఆ పక్క చెరువుల చేప వద్దంటున్నారనీ చెప్పారు. ఆవిడ తమ్ముడు దానియేలు కౌలుకు చేస్తున్న చెరువు గడువు నెలాఖరుకు అయిపోతుంది. ఈలోగా చేపలు పట్టించి లారీ ఎక్కించకపోతే అతను మునిగిపోతాడు.

"ఒకసారి తెల్లారేసరికి వచ్చి వినండి. ఆపైన మీ ఇష్టమండీ."

వెళ్లాను. చెరువు గట్టు మీద ఆవిడా నేనూ నిలబడ్డాం. మంచులో నీళ్లకీ ఆకాశానికీ మధ్య గీత చెరిగిపోయింది. కాళ్ల కింద గట్టు ఉందన్న నమ్మకం తప్ప ఏమీ లేదు. కనిపించని పక్షి ఏదో తలమీదుగా పోతూ ఒక్క రెక్క చప్పుడు వదిలింది. అప్పుడు మొదలైంది హోరు. ఎదుటి నుంచి కాదు, పైనుంచి. బరువైనదేదో మంచు మీద తేలుతూ మమ్మల్ని దాటి ఏలూరు వైపు పోతున్నట్టుంది. ఒక్క క్షణం నేను చెప్పిన అబద్ధాన్ని నేనే నమ్మాను.

"ఒరే దానీ, ఆపరా!" అని ఆవిడ కేక వేశారు.

మంచులో ఎక్కడో స్విచ్చు పడింది. ఆకాశంలో విమానం ఆగిపోయింది.

"ఇప్పుడు వెయ్యరా!"

మళ్లీ లేచింది.

చలికాలపు తెల్లవారుజామున నీటి మీద గాలి చల్లబడి, దాని పైన వెచ్చటి పొర నిలుస్తుంది. పైకి పోవలసిన చప్పుడు ఆ పొర దగ్గర వంగి, దూరాన ఎక్కడో కిందికి దిగుతుంది. సర్వీసంతా అలాంటి పొరల గురించి రాసినవాణ్ణి నేను. ఆ మాటే చెప్పాను.

"అయితే మీకు తెలుసన్నమాట" అన్నారావిడ.

ఆ సాయంత్రమే స్టూడియోలో నా హోదా, నేను చేసిన పని, రన్‌వే మీద చూసింది, గట్టు మీద విన్నది అన్నీ చెప్పాను. విమానంలో ప్రయాణికుడిగా తప్ప ఎప్పుడూ కూర్చోలేదన్నాను. టీచరు గారి పేరు చెప్పి మరీ క్షమాపణ అడిగాను. కిరణ్ ముఖం పాలిపోయింది. "అదేంటండీ, వాన కబుర్లు చెప్పే మనిషా మీరు!" అన్నాడు విరామంలో. ఉద్యోగం అక్కడితో సరి. బయట మాత్రం, పైనుంచి ఒత్తిడి వచ్చి పైలట్ గారి నోరు నొక్కేశారని కొత్త కథ లేచింది. నా అబద్ధాన్ని ఊరికే నమ్మిన మనుషులు, నిజానికి సాక్ష్యం అడిగారు.

ఆకివీడు వ్యాపారి సుబ్బరాజు గారి దగ్గరికి నేనే వెళ్లాను.

"పైలట్ గారి మాట విని లారీలు ఆపేశామండీ. ఇప్పుడు వాతావరణం గారి మాట విని పంపమంటారా?" అన్నారాయన.

"నా మాట వద్దండీ. మీరే వచ్చి చూడండి."

"వస్తాను గానీ, ముందు మీరు తినాలి."

దానియేలు వల వేయించాడు. శీలావతి చేప ఒకటి తీసి గట్టు మీదే పులుసు పెట్టారు. అందరూ చూస్తుండగా నేను ముందు తిన్నాను. సుబ్బరాజు గారు గిన్నె వాసన చూసి, తరువాత తాను తిని, లారీకి ఫోన్ చేశారు. గడువులోగానే చెరువు ఖాళీ అయింది. కానీ చెరువు యజమాని పుకార్లకు భయపడి, మరుసటి ఏడు కౌలు వేరేవాళ్లకిచ్చాడు. దానియేలు ఇప్పుడు నల్లజర్ల వైపు ఎవరి తోటలోనో పని చేస్తున్నాడు. సుజాత గారిని బజారులో ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తారు.

చలికాలంలో ఒక్కోసారి తెల్లారకముందే కొల్లేటి వైపు వెళ్తాను. మంచులో ఆ హోరు విని, అది దేనిదో తెలిసీ తల పైకెత్తుతాను.

ఆ దాడి గురించి నాకు తెలిసింది అడ్డగీత. రన్‌వే మీద నేను చూసింది గడ్డి, వడ్లు. ఆ రోజు స్టూడియోలో ఈ రెండే చెప్పి లేచి రావలసింది.