రెండు దోసిళ్ల సిమెంటు

కాంక్రీటు దిమ్మె బలం పరీక్షించే యంత్రంలో నలిగి ‘ఫట్’మన్నప్పుడల్లా ఇప్పటికీ ఒక అడుగు వెనక్కి వేస్తాను. పాఠం చెప్పే నేనే ఉలిక్కిపడితే నా విద్యార్థులు నవ్వుకుంటారు. వాళ్లకు రాజేశం కాక తెలియదు మరి.

ఆయన కరీంనగర్‌లో మేం చదివిన ఇంజనీరింగు కాలేజీ ల్యాబు అటెండరు. చదివింది ఏడో తరగతే. తడి కాంక్రీటును వేళ్ల మధ్య నలిపి నీళ్లు ఎక్కువయ్యాయో లేదో చెప్పేసేవాడు. లెక్కలు తప్ప మిగతా పనంతా నాకు నేర్పింది ఆయనే. బొగ్గు గనుల్లో తవ్వి పారేసే మట్టిరాయిని కాల్చి, మెత్తగా పొడి చేసి, సిమెంటులో ఐదో వంతుకు బదులుగా కలపడం నా ప్రాజెక్టు. గోదావరిఖని నుంచి ఆ రాళ్ల సంచులను బస్సులో మోసుకొచ్చాను. తీరా చూస్తే మొదటి దిమ్మెలు బిస్కెట్లలా పగిలాయి. అక్కడే కూర్చుని ఏడ్చాను.

“ఊకో బిడ్డా, పరేషాన్ గాకు. మల్ల కొత్త దిమ్మెలు పోద్దాం” అన్నాడు కాక.

రెండోసారి పోసినవి ఇరవై ఎనిమిది రోజులు నీళ్లలో నాని, మామూలు కాంక్రీటు కన్నా ఎక్కువ బరువు మోశాయి. మా హెడ్ సారు సంబరపడిపోయి, కాలేజీలో కడుతున్న ఆడపిల్లల హాస్టలు స్తంభాలను ఇదే పాళ్లలో పోయిద్దామన్నారు. టీ ఇస్తున్న కాక చేయి ఆగిపోయింది. నన్ను వరండాలోకి పిలిచాడు.

“బిడ్డా, నువ్వు నీళ్లకు పోయినప్పుడు నేను రెండు దోసిళ్ల సిమెంటు ఎక్కువేసిన. గా బలం నీ పొడిది కాదు.”

“ఎందుకు కాకా?” అన్నాను.

“నువ్వు ఏడుస్తే సూడలేకపోయిన. నీ ఒక్కదానికే కాదు, ఏండ్ల సంది అందరికి గట్లనే ఏస్తున్న. పిల్లలు పాసైతరు, దిమ్మెలు చెత్తల పడ్తయి, ఎవలకేం నష్టమనుకున్న. గా అంకెలు నమ్మి కట్టిన కప్పుల కింద మనుషులు పండుకుంటరని ఎన్నడు అనుకోలే.”

నా అసలు సిగ్గు ఆ తర్వాతిది. డిగ్రీ పోతుందన్న భయంతో, “ఎవలకు చెప్పకు కాకా, ఏదో ఒక సాకు చెప్పి నేనే ఆపిస్త” అన్నాను.

“దాసిపెట్టుడుతోనే గింత దూరమొచ్చింది. మల్ల దాస్తనా?” అని తిన్నగా సారు గదిలోకి వెళ్లి అంతా చెప్పేశాడు. ఆ వారమే ఆయన ఉద్యోగం పోయింది. నేను దిమ్మెలన్నీ మళ్లీ నా చేతులతో పోశాను. బలం తక్కువే వచ్చింది. ఆ అంకె చెప్పడానికి హుస్నాబాద్‌లో వాళ్లింటికి వెళ్లాను.

“నిజంగ గంతేనా?” అని రెండుసార్లు అడిగి, “గా అంకెనే రాయి బిడ్డా” అన్నాడు.

ఇప్పుడు నా ల్యాబులో ఏ పిల్ల కన్నీళ్లు పెట్టుకున్నా నా చేయి కూడా సిమెంటు సంచి వైపే పోవాలని చూస్తుంది. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతాను.