సిరిసిల్ల మ్యాట్నీకి ముగ్గురం

సినిమాల మీద నాకున్న అభిప్రాయాలు ఈ బ్లాగు చదివేవాళ్ళకు కొత్త కాదు. వానలో జరిగే ఫైట్లు నాకు నచ్చవు. హీరోయిన్‌కు బుర్ర లేనట్టు చూపించే ప్రేమకథలు అసలే నచ్చవు. ఇంటర్వెల్‌లో, కథ ఇక ఎటు పోతుందో తెలియక, టీ గ్లాసు పట్టుకుని నిలబడటం మాత్రం ఇప్పటికీ ఇష్టం. ఇవన్నీ నా ఒక్కదాని అభిప్రాయాలేనా అంటే గట్టిగా అవునని చెప్పలేను. సగం స్వరూపవి. జగిత్యాలలో డిగ్రీ చదివే రోజుల్లో మ్యాట్నీలకు మాకు ఎప్పుడూ పక్కపక్క సీట్లే. తర్వాత నేను హైదరాబాదులో యూనివర్సిటీకి వెళ్ళాను. తనకు కోరుట్లలో రాజేశంతో పెళ్ళయింది. పోయిన నెల ఫోన్ చేసి, "ఒక సినిమాకు పోదాం, రాయే" అంది. అంత దూరం నుంచి సినిమాకా అని నవ్వాను. తను నవ్వలేదు. "ఆయన అచ్చి మూడు నెలలాయె. ఇగ మల్ల పోడంట. బిడ్డ హాస్టల్ల ఉన్నది, ఇంట్ల ఇద్దరమే ఉన్నం, మాటల్లెవ్వు. నువ్వు నడుమ కూసుంటె ఏమన్న మాట్లాడుతడేమో."

విషయం అర్థం కావాలంటే వాళ్ళ కాపురం సంగతి చెప్పాలి. రాజేశం అన్న దాదాపు ఇరవై ఏళ్ళు గల్ఫ్‌లో పనిచేశాడు. రెండేళ్ళకోసారి సెలవు మీద వస్తే ఆ సెలవంతా పెళ్ళిళ్ళకు, పరామర్శలకు సరిపోయేది. మిగతా కాలమంతా వాళ్ళకున్నది శుక్రవారం ఒక్కటే. అక్కడ అది సెలవు రోజు, ఇక్కడ కొత్త సినిమా వచ్చే రోజు. తను కోరుట్లలో ఆట చూసేది. అతను అక్కడ టౌనుకు వెళ్ళి అదే సినిమా చూసేవాడు. టికెట్ దొరక్కపోతే కొన్నాళ్ళకు క్యాంపు గదిలో ఫోన్‌లో చూసేవాడు. ఆ సాయంత్రం మాట్లాడుకునేటప్పుడు జీతం, బిడ్డ చదువు, అప్పటికింకా ఉన్న అత్తగారి మోకాళ్ళ నొప్పి ముందు గబగబా అయిపోయేవి. ఆ తర్వాత ఎంతసేపైనా సినిమానే.

రాజేశం అన్నకు కథ పెద్దగా పట్టదు. తెర మీద పారే కాలువ, నాటేసిన పొలం కనిపిస్తే ఆ సినిమా పాసు. గల్ఫ్ నుంచి వచ్చినవాణ్ణి మెడలో లావుపాటి గొలుసుతో, చేతిలో సెంటు సీసాతో నవ్వులాటకు పెట్టిన సినిమాలను మాత్రం క్షమించడు. స్వరూప చూపు వేరు. "సినిమాల ఆడోళ్లు వండుతరు, వడ్డిత్తరు. ఒక్కలన్న కూసోని తినంగ సూసినవా?" అంటుంది. ఆ మాట విన్నప్పటి నుంచి భోజనాల సీను వస్తే నా కళ్ళు ఆడవాళ్ళ కంచాల కోసం వెతుకుతాయి. ఒకసారి ఇద్దరికీ పెద్ద గొడవే అయింది. ఆ సినిమాలో ఓ లారీ డ్రైవర్ భార్య చెక్‌పోస్టు దగ్గర టీ కొట్టు పెట్టుకుని మొగుడి కోసం ఎదురుచూసి, ఎదురుచూసి, చివరికి కొట్టు మూసేసి తనే వేరే లారీ ఎక్కి వెళ్ళిపోతుంది. నాకూ స్వరూపకూ ఆ ముగింపు ఎంతో నచ్చింది. అన్న రెండు శుక్రవారాలు ఫోనే చేయలేదట. ఆ తర్వాత చేసి, "ఇంకొక్క వారం ఆగితె ఆమె సొమ్మేం పోయేది?" అన్నాడట.

అలాంటి మనిషి ఇంటికొచ్చాక మూగవాడైతే ఎలా? కానీ మొగుడూపెళ్ళాల మధ్య కూర్చోవడానికి నేనెవరిని అన్న సందేహం బస్సెక్కాక కూడా పోలేదు. హైదరాబాదు నుంచి జగిత్యాలకు ఎక్స్‌ప్రెస్‌లో అయిదు గంటలు పట్టింది. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు బస్సు ఉచితం. రాత్రికి బస్టాండుకు దగ్గర్లో లాడ్జి గది ఎనిమిది వందలకు దొరికింది. పొద్దున లేచి మా పాత టాకీసు చూద్దామని నడుచుకుంటూ వెళ్ళాను. అది ఇప్పుడు ఫంక్షన్ హాలు. లోపల కుర్చీలకు తెల్లగుడ్డలు తొడుగుతున్నారు. బాధ కలుగుతుందేమోనని కాసేపు నిలబడి చూశాను. అంతగా కలగలేదు. ఎవరిదో పెళ్ళి, మంచిదే కదా అనిపించింది.

జగిత్యాల నుంచి కోరుట్లకు బస్సులకు కొదవ లేదు. ముప్పావు గంట ప్రయాణం. దారిలో పసుపు ఉడకబెట్టి ఆరబోశారు, కిటికీలోంచి ఆ ఘాటు లోపలిదాకా వచ్చింది. రాజేశం అన్న వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో, పిలవని పేరంటానికి వచ్చినవాడిలా అంచున కూర్చున్నాడు. "రా చెల్లె" అని లేచి, ఆ కుర్చీ నాకిచ్చి తను నిలబడ్డాడు. స్వరూప వేడివేడి సర్వప్ప పెట్టింది. పల్లీలు, నువ్వులు దండిగా వేసి గిన్నె అడుగున కరకరలాడేలా కాల్చిన బియ్యప్పిండి రొట్టె అది.

"అన్నా, అక్కడ వంటంతా మీరేనట కదా?" అన్నాను, ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలని.

"ఆరుగురికి నేనే వండేటోన్ని చెల్లె. మటన్ వండిన్నాడు పక్క రూములోల్లు గిన్నెలు వట్టుకోని అచ్చేటోల్లు." అతని ముఖం ఒక్క క్షణం వెలిగింది.

"మరి ఇక్కడ ఎప్పుడు తినిపిస్తారు?"

వంటగది వైపు చూశాడు. "గది ఆమె జాగ."

"నేనేమన్న అద్దన్ననా?" లోపలి నుంచి స్వరూప గొంతు వచ్చింది. నేను రెండో సర్వప్ప అడిగి తీసుకున్నాను.

కోరుట్లలోనే సినిమా ఆడుతోంది. కానీ స్వరూప ససేమిరా అంది. "ఈడ అయితె వాడకట్టంత సినిమా ఇడిసిపెట్టి మా మొఖాలే సూత్తది." అందుకే సిరిసిల్ల. కథలాపూర్, రుద్రంగి, చందుర్తి మీదుగా వేములవాడకు ఒక బస్సు, అక్కడి నుంచి సిరిసిల్లకు ఇంకొకటి. పది గంటలకు బయల్దేరితే, మధ్యలో బస్సు కోసం ఆగినా, పన్నెండున్నరకల్లా సిరిసిల్లలో ఉన్నాం. మెస్సులో అన్నం తిన్నాం, మనిషికి నూటపది. టాకీసు దాకా తీసుకెళ్ళిన ఆటో ఆయన ఒకప్పుడు మరమగ్గం కార్మికుడట. ఇక్కడ మగ్గాలను సాంచెలంటారు. సినిమా ఎలా ఉందని అడిగాను. "మోతనే మోత మేడం. మాకేం కాలే, సాంచెల కాడ పెరిగిన చెవులు. మీరైతె జర పత్తి పెట్టుకోన్రి" అని నవ్వాడు. రాజేశం అన్న కూడా నవ్వాడు. స్వరూప అతని వైపు ఆశగా చూసింది. అతను మళ్ళీ రోడ్డు వైపు తిరిగాడు.

ఆటో ఆయన చెప్పింది నిజమే. హీరో సరిహద్దులో సైనికుడు. ఊళ్ళో అతని భార్య బోరు ఎండిపోయి, పంట పోయి, పశువులు అమ్ముకుంటూ కూడా ఫోన్‌లో రోజూ "అంతా బాగుంది" అనే చెబుతుంది. అతను తిరిగి వచ్చి నిజం తెలుసుకుని ఊరి మీద విరుచుకుపడతాడు. నా అభిప్రాయం అడిగితే, మొదటి సగం మంచి సినిమా, రెండో సగం మంచి వ్యాయామం. ఆ భార్య వేషం వేసిన అమ్మాయి ఫోన్ పెట్టేశాక ఒక్క నిమిషం పాటు ఏమీ చేయకుండా గోడకు ఆనుకుంటుంది. ఆ నిమిషం కోసం టికెట్ డబ్బులు ఇవ్వొచ్చు. ఒప్పందం ప్రకారం నేను ఇద్దరి మధ్యా కూర్చున్నాను. ఇంటర్వెల్‌లో మిర్చి బజ్జీలు తెచ్చుకున్నాం. స్వరూపే ధైర్యం చేసి, "ఎట్లున్నది?" అని అడిగింది.

"మంచిగనే ఉన్నది" అన్నాడు. అంతే. బజ్జీలు తిన్నాం.

సినిమా అయి బయటికొచ్చాక కూడా అంతే. వేములవాడ బస్సులో స్వరూప నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "నిన్ను ఉత్తగనే తిప్పలు వెట్టిన" అంది. వాళ్ళకు నా అవసరం ఉందో, నా వల్లే ఇంకా ముడుచుకుపోయారో తేల్చుకోలేకపోయాను.

వేములవాడలో కోరుట్ల బస్సు గుడి నుంచి వచ్చిన ఆడవాళ్ళతో కిక్కిరిసిపోయింది. మా ఇద్దరికీ ముందు వైపు సీటు దొరికింది. రాజేశం అన్నను జనం నెట్టుకుంటూ చివరి వరసకు తీసుకుపోయారు. కండక్టరమ్మ బస్సంతా తిరిగి, చివరి వరసలో రాజేశం అన్నకు టికెట్ కొట్టి, "ఇయ్యాల నా బస్సుకు పైసలిచ్చే గిరాకి నువ్వొక్కనివే అన్నా!" అని గట్టిగా అంటే అందరూ నవ్వారు. చందుర్తి దాటుతుండగా స్వరూప సంచీలో ఫోన్ మోగింది. పేరు చూసి ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. తలలు తప్ప ఏమీ కనిపించలేదు.

"ఏమైంది? సీటు దొర్కలేదా?" అంది ఫోన్ ఎత్తి.

"దొరికింది." ఆ మోతలో వినపడాలని స్వరూప ఫోన్ గొంతు పెంచి పెట్టింది కాబట్టి నాకూ వినిపిస్తోంది. అతనే అడిగాడు, "సినిమా ఎట్లున్నది?"

స్వరూప నా వైపు చూసింది. తర్వాత కిటికీ వైపు తిరిగి కూర్చుంది. "నువ్వే ముందు చెప్పు."

"గామె దాసిపెట్టుడు తప్పు. మొగనికి చెప్పాలె."

"చెప్తె ఏం జేత్తడు, గంత దూరం కెల్లి? నిద్ర పాడు జేసుకునుడు తప్ప?"

"పాడు జేసుకుంటడు. ఆని నిద్ర ఆనిష్టం."

"అబ్బో!" అంది స్వరూప. గొంతులో పాత పౌరుషం వచ్చేసింది. ఇద్దరూ వాదించుకున్నారు. ముందు సీటులోని పెద్దమ్మ వెనక్కి తిరిగి, "ఎవలు బిడ్డా ఫోన్ల? దుబాయా?" అని అడిగింది.

"కాదు పెద్దమ్మా, ఎనుక సీటు" అన్నాను నేను. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

అప్పుడే అతను అడిగాడు. "నువ్వు గూడ నాకు గట్లనే చెప్పినవా? అంత మంచిగనే అని?"

బస్సు ఒక గుంతలో పడి లేచింది. "కొన్నిసార్లు" అంది స్వరూప.

"నేను గూడ."

ఇద్దరిలో ఎవరూ ఫోన్ పెట్టేయలేదు. చివరికి స్వరూప, "ఇప్పుడు? ఇంట్ల మంచిగనిపిత్తలేదా నీకు?" అంది.

"మంచిగనే..." అని ఆగాడు. "చాయ్‌పత్త ఏ డబ్బాల ఉంటదో ఎరుక లేదు స్వరూపా. మూడు నెలలాయె. నా ఇంట్ల నేను అడుగుడేందని... చుట్టం లెక్క అనిపిత్తది."

"పై అర మీద, ఎర్ర మూత డబ్బా" అంది తను వెంటనే. కళ్ళు తుడుచుకుంది. "పక్కన చక్కెర. కింద పప్పులు. పోపు గింజలు చిన్న డబ్బాల. రాసుకో."

"యాదికుంటది."

కోరుట్లలో దిగేసరికి దీపాలు వెలిగాయి. అందరూ దిగాక ఆఖరున అతను దిగాడు. ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది. నాలుగడుగుల దూరంలో నిలబడి స్వరూప ఫోన్‌లోనే అడిగింది, "పెట్టెయ్యనా?"

"ఆగు. క్లైమాక్స్ సంగతి ఇంక మాట్లాడనేలేదు."

నన్ను జగిత్యాల బస్సు ఎక్కించి, ఇద్దరూ చెవులకు ఫోన్లు పెట్టుకుని, పక్కపక్కనే, చెయ్యి చాస్తే తగిలేంత దూరంలో, వాదించుకుంటూ ఇంటి దారి పట్టారు.

మొగుడూపెళ్ళాలు ఎదురెదురుగా చెప్పుకోవాల్సిన మాటను ఫోన్‌లో చెప్పించే సినిమాలను నేను ఎన్నోసార్లు తిట్టాను. రాసేవాడికి చేతకాక చేసే పని అనుకునేదాన్ని. జగిత్యాల బస్సులో కూర్చుని ఆలోచిస్తే ఆ మాట మీద నాకు నమ్మకం చాలలేదు. ఇరవై ఏళ్ళు ఒక దారిలో నడిచిన మాటను, మనిషి ఇంటికొచ్చాడు కదా అని వేరే దారిలో రమ్మంటే ఎలా వస్తుంది? ఆ దారినే కొన్నాళ్ళు రానివ్వాలేమో. లేదా ఇది ఆ సాయంత్రానికి మాత్రమే నిజమేమో. తెలియదు. తెలిసినంత మాత్రం రాశాను.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క మాట. వేములవాడ మీదుగా వెళ్తుంటే సోమవారం వద్దు, కాలు మోపే సందుండదు. వేరే రోజుల్లో కూడా తిరుగు ప్రయాణంలో ఇద్దరికీ ఒకేచోట సీటు దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి. ఫోన్లకు నిండా ఛార్జింగ్ పెట్టుకుని బయల్దేరండి.