ఆదివారం మీ అన్న వస్తాడు

కర్నూలు శివార్లలో మానసిక రోగులుండే ఒక ఆశ్రమంలో నేను ఆయాగా పనిచేస్తున్నాను. మాత్రలు ఇవ్వడం, మింగారో లేదో నోరు తెరిపించి చూడడం నా పని. మైదుకూరు నుంచి వచ్చిన సుబ్బమ్మ మాత్ర చూస్తే చాలు, పళ్లు బిగించేది. "మింగు, ఆదివారం మీ అన్న వస్తాడు" అంటే మాత్రం మింగేది. ఆయాలందరం ఇలాంటి మాటలతోనే నెట్టుకొస్తాం. రెండేళ్లు రోజూ అదే చెప్పాను.

పోయిన వేసవిలో ఒక ఆదివారం సుబ్బమ్మ అన్న నిజంగానే వచ్చాడు, చేతిలో బొరుగుల సంచితో. ఆడవాళ్ల గదుల్లోకి మగవాళ్లను రానివ్వరు. ఆయన్ను వరండాలో కూర్చోబెట్టి లోపలికి పరుగెత్తాను.

"సుబ్బమ్మా, మీ అన్న వచ్చినాడు, రా."

ఆమె మంచం దిగలేదు. "మాత్ర ఇయ్యక్కా, మింగుతా" అంది.

"మాత్రకు కాదు. నిజంగానే వచ్చినాడు. వరండాలో ఉండాడు."

"రోజూ వస్తానే ఉండాడు కదక్కా" అని గోడవైపు తిరిగింది.

చెయ్యి పట్టి లేపబోతే మంచం కోడు పట్టుకుని అరిచింది. బతిమాలినకొద్దీ నా మాట మరింత అబద్ధంలా వినిపించింది, నాకే.

రానంటోందని చెప్పినా, మధ్యాహ్నం దాకా కూర్చుని ఆయన లేచాడు. "రెండేండ్లు రాలేకపోతి. నా మీద కోపం పోలేదేమో లేమ్మా" అంటూ సంచి నా చేతికిచ్చి బస్సుకు వెళ్లిపోయాడు. అది కోపం కాదని, తప్పు నాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

సాయంత్రం మాత్ర ఇచ్చేటప్పుడు నేను ఆదివారం మాట ఎత్తలేదు. సుబ్బమ్మ తనే మింగి, నోరు తెరిచి చూపించింది.