పొయ్యికి అడ్డం పెట్టిన ఎడారి

పెళ్ళయిన కొత్తలో నాకో తిక్క ఉండేది. ఏ చోటికి వెళ్తే ఆ చోటికి తగ్గ పుస్తకం అక్కడే కూర్చుని చదవాలి. పూరీ వెళ్తే సముద్రం కథలు, రాంచీ వెళ్తే అడవి కథలు. అలాంటిదాన్ని, దసరా సెలవులకి జైసల్మేర్ వెళ్దామని మా ఆయన అనేసరికి ఊరుకుంటానా? మా ఊళ్ళో బిస్టుపూర్ బజారంతా గాలించి మూడు పుస్తకాలు ఏరాను. ఒంటెల మీద సరుకు మోసిన వర్తకుల కథ, దాహం మీద ఓ నవల, ఇసకలో ఒంటరిగా తిరిగిన ఒకావిడ యాత్ర. ఆ మూడోది మాత్రం ఇసకదిబ్బ మీద, పొద్దు వాలేవేళ, ఒక్కదాన్నే కూర్చుని చదవాలి. ఆ గంట కోసమే నా ప్రయాణమంతా.

తీరా సామాను సర్దేవేళకి అత్తగారు, మామగారు కూడా తయారు. "మీరిద్దరే ఎల్తే ఏటి తింటారు?" అని ఆవిడ బెంగ. బియ్యం, పప్పు, రవ్వ, ఆవకాయ అన్నీ కట్టి, నా సంచీ ఎత్తి చూశారు. "ఏటే ఇవి, ఇటికెలా? ఎడారికెల్లి సదవడమేటే, ఇంటికాడ సదూకోలేవా?" మా ఆయన వైపు చూశాను. గోవింద్‌పూర్‌లో ట్రక్కుల కార్ఖానా ఇంజనీరు, అక్కడ ఆయన గొంతు విని మనుషులు పరుగెత్తేవారట. (ఇంట్లో ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.) "అమ్మ సెప్పింది ఇనరాదా" అన్నారు. ఏడ్చి, నా చీరలు తీసేసి, పుస్తకాలు పెట్టుకున్నాను.

దిబ్బల దగ్గరికి జీపు చేరేసరికి పొద్దు వాలుతోంది. ఒంటరావిడ పుస్తకం తెరిచి మొదటి వాక్యం మీద వేలు పెట్టానో లేదో, "కోడలా!" అని అత్తగారి కేక. మామగారికి సజ్జరొట్టె పడదట. అద్దెకు తెచ్చిన చిన్న గ్యాస్ పొయ్యి మీద ఉప్మాకి ఎసరు పెట్టారు, గాలికేమో మంట నిలవడం లేదు. "ఆ ఇటికెలిలా తే!" అన్నారు. మూడు వైపులా మూడు పుస్తకాలూ నిలబెట్టారు. మంట నిలిచింది. "బాగా ఏరినావే, గట్టి అట్టలు!" అన్నారు మనస్ఫూర్తిగా. కాపురానికొచ్చాక నాకు దక్కిన మొదటి మెప్పు అది. నాలుగో వైపు గాలికి అడ్డంగా, సూర్యుడికి వీపు పెట్టి నేను కూర్చున్నాను. మా ఆయన నవ్వుతూ ఫోటో తీశారు. కళ్ళు తుడుచుకుంటుంటే ఏమైందన్నారు. పొగ అన్నాను. గ్యాస్ పొయ్యికి పొగేమిటని ఒక్కరూ అడగలేదు!

మొన్న మా అమ్మాయి స్నేహితురాళ్ళతో జైసల్మేర్ వెళ్తూ నా బీరువా ముందు నిలబడింది. "మమ్మీ, రేగిస్తాన్ కే లియే కౌన్సీ కితాబ్ లూఁ?" అంది. ఎడారికి ఏ పుస్తకం పట్టుకెళ్ళాలో అడగడానికి నేనే దొరికాను దీనికి! అట్ట మాడిన ఆ ఒంటరావిడ పుస్తకం చేతిలో పెట్టాను. లోపల్నించి అత్తగారు, "పిల్లకి కూసింత రవ్వ కట్టియ్యే, దారిలో ఏటి తింటాది?" అన్నారు.

"కట్టనత్తయ్యా" అన్నాను. ఇన్నేళ్ళకి.

పిల్ల అట్ట వాసన చూసి, "మమ్మీ, తుమ్‌నే పఢీ హై?" అంది. చదివానా? చదవలేదు. అక్కడే చదవాలని పంతం పట్టిన ఆనాటి నాలోని మొద్దుపిల్ల మొదటి వాక్యం దగ్గరే వేలు పెట్టుకుని ఉండిపోయింది. తల్చుకుంటే నవ్వొచ్చింది, దాని మీద జాలీ వేసింది.

"నువ్వు చదివొచ్చి నాకు కథ చెప్పు తల్లీ" అన్నాను.