గుర్రం మీది బావ

ఆ వీడియో గేమ్ మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు. మా బావ దుబాయి నుంచి పంపిన ఆట అది. తొంభైల్లో, ఖానాపూర్‌లో, మా ఇంటి టీవీకి తగిలించుకుని నేనూ మా అక్కా ఆడేవాళ్లం. పెళ్లయిన ఏడాదికే బావ దుబాయి పోవడంతో అక్క మా దగ్గరే ఉండేది. నేను డిగ్రీలో లెక్కలు తప్పి ఇంట్లో కూర్చున్నాను. ఇద్దరికీ పొద్దు పోని ఆ రోజుల్లో, దుబాయి నుంచి ఛుట్టి మీద, అంటే సెలవు మీద, ఊరికి వచ్చిన ఒకాయన ఆ ఆట పెట్టెనూ ఒకే ఒక్క క్యాసెట్టునూ తెచ్చి, బావ ఇమ్మన్నాడని ఇచ్చిపోయాడు.

ముందు దాని మంచి చెప్తాను. ఎగరడాలు, దూకడాలు, తుపాకులు అందులో లేవు. గళ్లు గీసిన మైదానం, ఇటు మన సైనికులు పన్నెండు మంది, అటు రాక్షసులు. పచ్చీసు ఆడినట్టు వంతుల వారీగా కదలాలి. మన వంతులో లేచిపోయి అన్నం వార్చి వచ్చినా ఆట మన కోసం ఆగే ఉంటుంది. అక్కకు అందుకే నచ్చింది. విలుకాడితో దూరం నుంచే కొట్టించాలి, మంత్రగత్తెను ముందుకు పంపకూడదు, గాయాలు మాన్పే ముసలాయనను నడుమ పెట్టుకోవాలి. ఏడో తరగతితో బడి మానేసిన అక్కకు ఇవన్నీ నాలుగు రోజుల్లో పట్టుబడ్డాయి. నాకు నెల పట్టింది.

ఇక చెడు చెప్పాలంటే నా ఒళ్లు మండుతుంది. యుద్ధం పూర్తిగా గెలిస్తేనే అది గుర్తుపెట్టుకుంటుంది. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికే. మా కరెంటు సంగతి ఆ ఆట చేసినవాళ్లకేం తెలుసు? రెండు గంటలు తంటాలు పడి ఆఖరి రాక్షసుడి మీద కత్తి ఎత్తేసరికి టీవీ నల్లబడేది. తప్పకుండా తగులుతుందని చూపించిన దెబ్బ తగిలేది కాదు. నేను ఆట ఆడించే రిమోట్ మంచం మీదికి విసిరికొట్టేవాణ్ణి. "ఆడలేక మద్దెల ఓడన్నడట" అని మా బాపు వాకిట్లోంచి దెప్పేవాడు. వీటన్నిటినీ మించిన తప్పు ఇంకొకటుంది. యుద్ధంలో పడినవాడు ఇక లేవడు. ఆట అయిపోయేదాకా వాడి చోటు ఖాళీయే.

ఆ సైనికులకు పేర్లు మనమే పెట్టుకోవచ్చు. నేను బోల్తా పడ్డది అక్కడే. మా ఇళ్లలో ఆడవాళ్లు మొగుడి పేరు నోట పలికేవాళ్లు కాదు. అక్కను ఉడికిద్దామని గుర్రం మీది సైనికుడికి ఇంగ్లీషు అక్షరాల్లో 'బావ' అని పెట్టాను. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ మరుసటి యుద్ధం నుంచి గుర్రాన్ని గడి కదలనివ్వలేదు.

"ఆయనను ఎనక్కు ఉంచు."

"అక్కా, గా గుర్రపోడే గదనే అందర్ల గట్టోడు. కొట్లాడకుంటె వానికి బలమెట్ల వస్తది?"

"వాడు వీడు అనకు. బలం రాకుంటె రాకపాయె. మంచిగుంటె సాలు."

కొట్లాడితేనే బలం పెరిగే ఆట అది. పదకొండు మంది రాటుదేలారు. బావ మాత్రం పెళ్లికి వచ్చిన చుట్టంలా తళతళలాడుతూ మూలన నిలబడేవాడు. ఆఖరి కోట దగ్గర అసలు చిక్కు వచ్చిపడింది. కోట తలుపు మూసుకునేలోపు ఒక్కరైనా అక్కడికి చేరితే అది ఇక మూసుకోదు. అంత దూరం గుర్రమొక్కటే పోగలదు. పది రోజులు ఓడిపోయాం. నేను బతిమాలాను, అలిగాను. అక్క నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది.

ఒకరోజు అమ్మా అక్కా పొద్దున బస్సుకు నిర్మల్ పోయారు. నేను టీవీ పెట్టి గుర్రాన్ని వదిలాను. అది ఒక్క ఊపున తలుపు చేరింది. మా వాళ్లకు దారి దొరికింది. రాక్షసుల వంతు రాగానే గుర్రం పడిపోయింది. అప్పుడే తీగ పీకేసి ఉంటే సరిపోయేది. గెలుపు కళ్ల ముందు కనబడుతుంటే చెయ్యి రాలేదు. రోజూ పోయే కరెంటు ఆ రోజు పోలేదు. గెలిచాను. ఆట గుర్తుపెట్టేసుకుంది. సైనికులు ఒక్కొక్కరే తమ ఇళ్ల తలుపు తట్టే బొమ్మలు వచ్చాయి. లెక్కపెట్టాను, పదకొండు మందే.

నిర్మల్ నుంచి తిరిగొచ్చిన అక్క టీవీ ముందు నిలబడింది.

"ఆయనను ఎవలు పంపిండ్రు?"

"నేనే."

"నన్నడిగితివా?"

"ఆటనే గదక్కా!"

అక్క లోపలికి పోయింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నాకు సిగ్గు వేసింది. అయినా తిట్టుకున్నది ఆ ఆటనే. పడ్డవాణ్ణి లేపే దారి ఒక్కటి పెడితే వాళ్ల సొమ్మేం పోయేది? ఆ తర్వాత నేను రిమోట్ ముట్టలేదు. లెక్కల ట్యూషన్‌కు పోవడం మొదలుపెట్టాను.

నాలుగు నెలలకు బావ ఛుట్టి మీద వచ్చాడు. గుర్రం సంగతి నేను ఎప్పుడో ఉత్తరంలో రాశాను. అది గుర్తుపెట్టుకుని, "ఏడున్నదిరా నా గుర్రం? సూపియ్యి" అన్నాడు. అక్క టీవీ పెట్టింది. ఆఖరి కోట ముందు పన్నెండు మందీ నిలబడి ఉన్నారు. నేను ట్యూషన్‌కు పోయినప్పుడల్లా అక్క ఒక్కతే కూర్చుని, ఆటంతా మొదటి నుంచి మళ్లీ ఆడింది. గుర్రం ఎప్పటిలాగే అందరి వెనకాల ఉంది.

బావ రిమోట్ తీసుకుని నవ్వాడు. "గిదేందే, గిన్ని యుద్ధాలల్ల నన్ను ఒక్కపారన్న పంపలే?"

అక్క నవ్వలేదు. "పోవద్దని నీకెన్ని పార్లు చెప్పిన, ఇన్నవా? గీ టీవీలనన్న నేను వద్దంటె ఆగినవ్."

బావ రిమోట్ కింద పెట్టాడు. ఆయన ఛుట్టి ఇంకా పదకొండు రోజులుంది. ఆ పదకొండు రోజులూ ఆఖరి కోట జోలికి ముగ్గురిలో ఎవరమూ పోలేదు.